మోటార్‌సైకిల్ రేసుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మోటోజీపీలో ఎక్కువ రేసులు గెలిచిన రైడరే ఛాంపియన్ అవుతాడా?

అవసరం లేదు, సీజన్ మొత్తానికి ఎక్కువ పాయింట్లు సంపాదించిన రైడరే ఛాంపియన్. ఆదివారం రేసు గెలిస్తే 25 పాయింట్లు, రెండో స్థానానికి 20. అంటే గెలుపుకీ రెండో స్థానానికీ తేడా ఐదే. కిందపడి రేసు వదిలేస్తే మాత్రం ఏమీ రాదు. అసలు దెబ్బ అక్కడే.

2024నే తీసుకోండి. ఫ్రాన్సెస్కో బన్యాయా 11 గ్రాండ్ ప్రీలు (ఆదివారం ప్రధాన రేసులు) గెలిచాడు, హోర్హే మార్టిన్ మూడే. అయినా 508–498తో టైటిల్ మార్టిన్‌దే. ఆ ఏడాది బార్సిలోనా స్ప్రింట్‌లో (శనివారం జరిగే చిన్న రేసు, గెలిస్తే 12 పాయింట్లు) బన్యాయా ఆఖరి ల్యాప్‌లో, ముందంజలో ఉండగా పడిపోయాడు. చేజారినవి 12 పాయింట్లు, టైటిల్ పోయింది 10 తేడాతో!

శనివారం స్ప్రింట్ గెలుపును గ్రాండ్ ప్రీ విజయంగా లెక్కేస్తుంటారు చాలామంది. అది తప్పు. పాయింట్లు కలుస్తాయి కానీ, విజయాల సంఖ్యలో చేరదు.