పాఠకుల ప్రశ్నలు: అంగన్‌వాడీలో మట్టి, రంగులు

ప్రశ్న: మా వీధి అంగన్‌వాడీకి శనివారాలు వెళ్లి పిల్లలతో బొమ్మలు చేయిస్తున్నాను. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లు, ఇరవై మంది. మట్టి బొమ్మలు ఆరేసరికి పగులుతున్నాయి, తోకలు ఊడిపోతున్నాయి.
– పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎండలో పెడుతున్నట్టున్నారు. పైపొర గబగబా ఆరి బిగుసుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, అందుకే పగులు. మొదటి రోజు తడిగుడ్డ వదులుగా కప్పి, తర్వాత రెండు మూడు రోజులు నీడన ఉంచండి. మందం బొటనవేలు దాటనివ్వకండి.

కుమ్మరి పిసికిన మట్టి దొరికితే అదే మేలు. చెరువు మట్టి అయితే ఎండబెట్టి, దంచి, జల్లించి, రాత్రంతా నానబెట్టాలి. ముళ్లు, గాజుపెంకులు జల్లెడలోనే ఆగిపోతాయి కాబట్టి ఆ పని మాత్రం మానకండి. చేతికి అంటకుండా చపాతీ పిండిలా రావాలి. ఒక్కొక్కరికి 200 గ్రాముల చొప్పున నాలుగు కిలోలు, చేతిలో ఇంకో కిలో ఉంచుకోండి.

తోక అతికేచోట రెండువైపులా పుల్లతో గీతలు గీసి, పలచటి మట్టినీళ్లు రాసి నొక్కాలి. మూడేళ్ల వాళ్లకు ఇది చేతకాదు. అతికించకుండా ముద్దలోంచే తోక లాగమనండి. వాళ్లు ఉండలు, పాములు చేస్తూ కూర్చున్నా చాలు. బాగా కనిపించాలని మీరు దిద్దారో, అది మీ బొమ్మే.

ఇరవై మందినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. ఆరేడుగురు చొప్పున, పావుగంట. మిగతావాళ్లను ఆటల్లో పెట్టమని టీచరుకు ముందే చెప్పుకోండి.

ప్రశ్న: పిల్లలకు ఏ రంగులిచ్చినా చివరికి బురద రంగే తేలుతోంది.
– పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఎరుపు, పసుపు, నీలం మూడూ కలిస్తే తేలేది అదే. ఒక రోజుకు రెండే ఇవ్వండి: పసుపు, నీలం ఇస్తే ఆకుపచ్చ వాళ్లే కనిపెడతారు. రంగుకో బ్రష్షు పెట్టండి, నీళ్ల గ్లాసు వద్దు. సన్న బ్రష్షులు ఆ పిడికిట్లో నిలవవు. గోడరంగుల దుకాణంలో దొరికే అంగుళం బ్రష్షు కొత్తది కొనండి. కాగితం చిరుగుతుంటే అట్టముక్కలు వాడండి.

ప్రశ్న: జిగురు ఇంట్లో కాచుకోవచ్చా?
– పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: కాచుకోవచ్చు. కప్పు మైదాను కప్పు చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, మరుగుతున్న మూడు కప్పుల నీళ్లలో పోసి, చిక్కబడేదాకా తిప్పండి. పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలేమో వేళ్లు నాకుతారు. వేయకండి. మిగిలిన జిగురు మర్నాటికి పులుస్తుంది, పారబోయండి.