జిగురులో ఏమి కలపాలి?

"తెల్ల జిగురులో రంపపు పొట్టు కలిపితే చెక్క అతుకు మరింత గట్టిపడుతుందా?" అని అడిగారు. నా సమాధానం ఒక్కటే: డబ్బా మూత తీశాక ఆ జిగురును మనం పాడుచేయగలమే తప్ప బాగుచేయలేము. బాగుచేయవలసింది చెక్కను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి, నాన్నగారి టేకు కుర్చీ నిలువునా తడిసింది. కొన్నాళ్లకు దాని వెనుక కాలు అడ్డపట్టీ నుంచి ఊడివచ్చింది. నేను పొట్టు కలిపిన జిగురును ముద్దగా కూరి, ఎంతో గర్వంగా అతికించాను. మూడు వారాలు నిలిచిందో లేదో, మా మావయ్య గారు కూర్చోగానే ఫెళ్లున ఊడింది.

కంచరపాలెంలో ఒక ముసలి వడ్రంగి మేస్త్రి గారికి చూపించాను. ఆయన గోటితో గీరగానే జిగురు మీగడ తరకలా లేచివచ్చింది. దానికి చెక్క నార ఒక్కటీ అంటుకుని లేదు. "బంక బంకనే పట్టుకున్నాది బాబూ, కర్రని పట్టుకోనేదు" అన్నారు. తెల్ల జిగురులోని నీటిని చెక్క పీల్చుకుంటేనే అది గట్టిపడుతుంది. అప్పటికే తడిసి ఉన్న చెక్క ఇంకేమి పీల్చుకుంటుంది? పైగా పాత జిగురు, పాలిష్, టేకులో సహజంగా ఉండే నూనె, ఇవన్నీ అడ్డుపడ్డాయి.

ఆయన కుర్చీని నెల రోజులు నీడన ఆరనిచ్చి, పాత జిగురునంతా ఉలితో గీకి, కొత్త చెక్క బయటపడ్డాక థిన్నర్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే రెండు ముఖాలకూ పలుచగా జిగురు రాశారు. తాడు చుట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలిపెడుతూ పోతే అతుకు పొడవునా జిగురు పూసల్లా బయటికి వచ్చింది. మర్నాటి దాకా దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో పనిచేసేవారు నాలుగు మేకులు కొట్టి గంటలో తలుపు బిగించేస్తున్నారు. కొందరు జిగురులో నీళ్లు కూడా కలుపుతున్నారు.

పొట్టు సందును నింపుతుంది కానీ బలాన్ని ఇవ్వదు. సందు ఉంటే పలుచని చెక్క చీలికను దూర్చండి, లేదా రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు వాడండి. నార పొడవున సరిగా కుదిరిన అతుకు ఆ చెక్క కంటే గట్టిగా ఉంటుంది. నారకు అడ్డంగా కోసిన ముఖాలను మాత్రం జిగురు ఒక్కదానికే వదిలేయకండి. మన సముద్రపు చెమ్మకు మామూలు తెల్ల జిగురు మెత్తబడుతుంది కనుక వంటగదికి, బాల్కనీకి తడిని తట్టుకునే డి3 రకం అడిగి తీసుకోండి.

మేస్త్రి గారు అతికించిన కాలు నేటికీ కదలలేదు. ఆయన ముట్టుకోని రెండో వెనుక కాలు ఈమధ్య ఊగుతోంది. వానలు వెనుకబట్టేదాకా దాని జోలికి పోను.