సంతకానికి ముందు చేతి లెక్క

అమ్మాయీ,

నిన్ను టీమ్ లీడ్‌ని చేశారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఆరుగురు ఇంజినీర్లు, ముగ్గురు డ్రాఫ్ట్స్‌మన్లు, చేతిలో పదకొండు ప్రాజెక్టులట. స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో మంచి ఇంజినీర్లు తడబడేది సరిగ్గా ఈ మెట్టు దగ్గరే. నిన్నటిదాకా మోడల్ చేయడం నీ పని. ఇకమీద ఇంకొకరు చేసిన మోడల్‌ని నమ్మాలో వద్దో తేల్చడం నీ పని. మోడల్ చేసే ఈటాబ్స్ సాఫ్ట్‌వేర్ నీకంటే చకచకా నడిపే పిల్లలు నీ కింద ఉంటారు, ఉండాలి కూడా. వాళ్ళతో వేగంలో పోటీ పడకు. వాళ్ళు తెచ్చిన అంకె తప్పైతే పది నిమిషాల్లో పసిగట్టగలగాలి, అంతే.

దానికి చేతి లెక్క తప్ప వేరే దారి లేదు. స్టిల్ట్ మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంటు తీసుకో. మధ్య కాలమ్, కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య ఒకవైపు 5, ఇంకోవైపు 4.5 మీటర్ల బేలు. ఆ కాలమ్ వాటాకు వచ్చే శ్లాబు 22.5 చదరపు మీటర్లు. 125 మి.మీ. శ్లాబు బరువు 3.1, ఫ్లోరింగ్ 1.5, గోడలకు సుమారు 3.5, బీములకు 2, లైవ్ లోడ్ 2. మొత్తం చదరపు మీటరుకు 12 కిలోన్యూటన్లు. అంతస్తుకు 270, ఆరు శ్లాబులకు 1620, కాలమ్ సొంత బరువు మరో 80. అంటే ఫుటింగ్ దగ్గర 1700 రావాలి. భద్రత కోసం 1.5తో హెచ్చిస్తే 2550. ఇప్పుడు 300 × 600 కాలమ్, ఎం25 కాంక్రీటు, ఎఫ్‌ఈ500 స్టీలు 1.2 శాతం పెడితే మోసేది దాదాపు 2500. మొమెంట్ (కాలమ్‌ను వంచే ప్రభావం) సంగతి ఎత్తకముందే చాలలేదు. పిల్లవాడి మోడల్లో అదే కాలమ్ 0.8 శాతంతో పాసైపోయిందంటే ఎక్కడో లోడు జారిపోయిందన్నమాట. పై అంతస్తుల్లో గోడల లోడు ఇవ్వడం మరిచాడేమో, టైపికల్ ఫ్లోర్ కాపీ చేసినప్పుడు ఒక శ్లాబు ఖాళీగా వెళ్ళిందేమో వెతకమను.

అలాగే బిల్డింగ్ మొత్తానికి బేస్ రియాక్షన్, అంటే పునాదికి దిగే మొత్తం బరువు, చూడు. 300 చదరపు మీటర్ల ప్లానుకు ఇదే లెక్కన 21,600 పైచిలుకు రావాలి. పది శాతానికి మించి తేడా వస్తే కారణం నోటితో చెప్పించు. ‘సాఫ్ట్‌వేర్ అలా ఇచ్చిందండీ’ అన్నది కారణం కాదు.

పాత మోడల్‌ని సేవ్ యాజ్ కొట్టి కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడం మన ఆఫీసులన్నింటికీ ఉన్న రోగం. హైదరాబాద్ మోడల్ విశాఖ పనికి వెళ్తుంది, గాలి వేగం మాత్రం 44 దగ్గరే ఉండిపోతుంది. విశాఖకు సెకనుకు 50 మీటర్లు. ఆరే కదా అనిపిస్తుంది. కానీ గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి తేడా 29 శాతం. విజయవాడ పనైతే భూకంప జోన్ కూడా మారుతుంది. భూకంప కోడ్ ఐఎస్ 1893, 2016 ప్రతి ప్రకారం హైదరాబాద్ జోన్ 2, విజయవాడ జోన్ 3. జోన్ గుణకం 0.10 నుంచి 0.16కు, అంటే ఒకటిన్నర రెట్ల పైనే. ఇంకో రెండు చూడు. కాలమ్‌లకు 0.7, బీములకు 0.35 చొప్పున పగుళ్ళ మాడిఫయర్లు, అంటే పగిలిన కాంక్రీటుకు గట్టిదనం తగ్గించే గుణకాలు, ఇచ్చారా? భూకంపం బరువులో లైవ్ లోడ్ 25 శాతం కలిసిందా? మాడిఫయర్లు లేని బిల్డింగు కాగితం మీద చాలా గట్టిగా కనిపిస్తుంది, డ్రిఫ్టు (అంతస్తు పక్కకు జరిగే దూరం) బాగా తక్కువ చూపిస్తుంది. ఈ నాలుగూ ప్రతి మోడల్ మొదటి పేజీలో చేత్తో రాయించు. ప్రింటవుట్ వద్దు. చేత్తో రాస్తేనే కన్ను ఆగుతుంది.

ఇక సైటు ఫోన్లు. సాయంత్రం ఆరింటికి, రేపు శ్లాబు వేయబోతూ, కాంట్రాక్టర్ ఫోన్ చేస్తాడు: ‘మేడమ్, 20 రాడ్డు స్టాక్ లేదు, 16 వేసేయమంటారా?’ ఫోన్లో ఊ అనకు. 230 వెడల్పు, 450 లోతు బీములో కింద నాలుగు 20లు ఉన్నాయనుకో. వాటి వైశాల్యం 1257 చ.మి.మీ. 16 రాడ్డు ఒక్కోటి 201, కాబట్టి ఏడు కావాలి. లెక్క తేలిందని ఏడు రాడ్లు అని చెప్పేస్తే కొంప మునుగుతుంది. కవరు (రాడ్ల బయటి కాంక్రీటు పొర), రింగు పోగా లోపల మిగిలేది 164 మి.మీ. ఏడు రాడ్లే 112 తింటాయి. మిగిలిన 52ని ఆరు సందులకు పంచితే ఒక్కో సందు 9 మి.మీ. కూడా లేదు. 20 మి.మీ. కంకర అందులోంచి దిగదు. సెంట్రింగ్ విప్పాక బీము అడుగున తేనెపట్టులా గుల్లలు కనిపిస్తాయి, మేస్త్రీ సిమెంటు పూసి కప్పేస్తాడు. సరైన జవాబు ఇది: ‘కింద వరస నాలుగు, పై వరస మూడు, మధ్యలో 25 మి.మీ. స్పేసర్ రాడ్డు.’ పని చేసే లోతు 407 నుంచి సుమారు 391కి పడిపోతుంది, స్టీలు 12 శాతం పెరిగింది కాబట్టి బలానికి సరిపోతుంది. ఇదంతా అయిదు నిమిషాల పని. జవాబు మెయిల్లో, స్కెచ్‌తో, రివిజన్ నంబరుతో వెళ్ళాలి.

ఇంత పట్టుదల దేనికంటే, డిజైన్ అయ్యాక వచ్చే చిన్న మార్పే చాలాసార్లు ప్రాణాలు తీస్తుంది. 1981 జులై 17న అమెరికాలో కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది పోయారు. మొదటి డ్రాయింగులో పైకప్పు నుంచి ఒకే పొడవాటి రాడ్డు, పై వంతెనను దాటుకుని కింది వంతెన దాకా రావాలి. ఫ్యాబ్రికేషన్ వీలు కోసం దాన్ని రెండు రాడ్లు చేశారు. దాంతో కింది వంతెన పై వంతెనకు వేలాడింది, పై బీము కింది నట్టు మీద బరువు రెట్టింపయింది. తయారీదారు గీసిన ఆ షాప్ డ్రాయింగు ఇంజినీరు ముద్రతోనే వెళ్ళింది, లెక్క మాత్రం ఎవరూ వేయలేదు. బాధ్యులైన ఇంజినీర్ల లైసెన్సులు మిజోరీ రాష్ట్రం రద్దు చేసింది. నీ బల్ల మీదకు షాప్ డ్రాయింగు వచ్చినప్పుడు ముందు జాయింట్లు చూడు. బీములు, కాలమ్‌ల సైజులు తర్వాత.

రివ్యూ ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యమే. జీఎఫ్‌సీ (నిర్మాణానికి విడుదల చేసే) డ్రాయింగులు వెళ్ళే ముందు రోజు రాత్రి చేసేది తూతూమంత్రం. అప్పుడు తప్పు దొరికినా దిద్దే వ్యవధి ఉండదు, అందుకే మనసు కూడా తప్పు వెతకదు. మోడల్ మొదలుకాక ముందే, ఆర్కిటెక్ట్ ప్లాను మీద ట్రేసింగ్ పెట్టి ఫ్రేమింగ్ గీయించు. ఒక గంట కూర్చో. స్టిల్ట్‌లో కారు తిరగడానికి అడ్డమని ఏ కాలమ్ కింద ఆధారం లేకుండా తేలిపోతోంది, మెట్ల దగ్గర షార్ట్ కాలమ్ పడుతోందా, లిఫ్టు గోడ ఒక మూలకు పోయి బిల్డింగు మెలి తిరుగుతుందా అన్నవి అక్కడే తేలతాయి. 300 మి.మీ. కంటే సన్నని కాలమ్‌ను భూకంప డీటెయిలింగ్ కోడ్ ఐఎస్ 13920 ఒప్పుకోదని ఆర్కిటెక్ట్‌కు చెప్పాల్సింది కూడా అప్పుడే. గోడలో కలిసిపోయే 230 కాలమ్ కావాలని అడుగుతారు. మర్యాదగా, మొదటి మీటింగులోనే కాదని చెప్పు. మూడో రివిజన్‌లో చెబితే గొడవవుతుంది.

పిల్లల సంగతి. తప్పు కనిపిస్తే నువ్వే దిద్ది పంపేయకు. రాత్రికి పని అయిపోతుంది గాని అదే తప్పు వచ్చే నెల మళ్ళీ వస్తుంది. ఎర్ర పెన్నుతో చుట్టి పక్కన ప్రశ్న రాయి: ‘ఈ ల్యాప్ (రాడ్ల అతుకు) కాలమ్ అడుగున ఎందుకుంది?’ జవాబు అతనే వెతుక్కోవాలి. అక్కడ భూకంపం మొమెంట్ ఎక్కువ, అందుకే ల్యాపు కాలమ్ ఎత్తులో మధ్య సగంలో ఉండాలని తెలుసుకుంటాడు. కొత్తవాళ్ళకు ముక్కలు పంచకు. ఒకరికి ఎప్పుడూ ఫుటింగులే, ఇంకొకరికి ఎప్పుడూ శ్లాబు షెడ్యూళ్ళే అయితే మూడేళ్ళకు ఇద్దరూ సగం ఇంజినీర్లుగా మిగులుతారు. చిన్నదైనా సరే, ఒక వాటర్ ట్యాంకో సెక్యూరిటీ గదో, లోడు దగ్గర్నుంచి బార్ బెండింగ్ షెడ్యూల్ దాకా ఒక్కరికే అప్పగించు. శ్లాబు పోసే ముందు రాడ్డు చెకింగుకు వాళ్ళనే పంపు. రింగు కొక్కెం 135 డిగ్రీలు వంచారా, కొస 65 మి.మీ. అయినా ఉందా, కవర్ బ్లాకులు నలిగిపోయాయా అన్నది కళ్ళతో చూసినవాడు డ్రాయింగు వేరేగా గీస్తాడు. అమెరికా, బ్రిటన్ ప్రాజెక్టులకు రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో మోడలింగ్ మాత్రమే చేసే పిల్లలకు ఇది మరీ అవసరం. జీతం బాగానే ఉంటుంది, కాని డిజైన్ చేయి తిరగకపోతే పదేళ్ళ తర్వాత దారి మూసుకుపోతుంది. వాళ్ళను ఆరు నెలలకోసారి ఇక్కడి పనిలోకి తిప్పు.

మీ డైరెక్టర్లు ‘ఇన్నోవేషన్’ కావాలంటున్నారని కూడా విన్నాను. మంచిదే. పైథాన్‌లోనో ఎక్సెల్‌లోనో ఎవరు కొత్త షీటు తయారుచేసినా, చేత్తో పూర్తిగా లెక్కించిన మూడు పాత ఉదాహరణలు దాని మీద నడపాలి. వెర్షన్ నంబరు ఉండాలి, బాధ్యుడు ఒక్కడే ఉండాలి. సైటును అడగకుండా ఏ కొత్త పద్ధతీ కాగితం మీద పెట్టకు. ఫ్లై యాష్ ఎక్కువున్న కాంక్రీటు పర్యావరణానికి మంచిదని స్పెసిఫికేషన్‌లో రాశారనుకో. అది తొలి రోజుల్లో బలం నెమ్మదిగా తెచ్చుకుంటుంది. శ్లాబు కింద జాకీలు, శ్లాబు స్పాను 4.5 మీటర్ల లోపు అయితే 7 రోజులకు, దాటితే 14 రోజులకు తీయవచ్చని కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 చెప్పేది మామూలు ఓపీసీ సిమెంటుకు. నువ్వు సిమెంటు మార్చి ఆ రోజులు మార్చకపోతే కాంట్రాక్టర్ పాత అలవాటునే జాకీలు లాగేస్తాడు, శ్లాబు వంగుతుంది.

అన్నిటికంటే పెద్ద గని మీ ఆర్‌ఎఫ్‌ఐ రిజిస్టరు, అంటే సైటు అడిగిన ప్రశ్నల పుస్తకం. దాన్ని ఎవరూ తెరిచి చదవరు. ఈ వారంలో, కిందటి మూడు ప్రాజెక్టుల రిజిస్టర్లు ముందేసుకుని, సైటు నుంచి వచ్చిన ప్రశ్నలను రకాలుగా విడదీయించు. బాల్కనీ శ్లాబు పల్లం దగ్గర రాడ్డు ఎలా వంచాలని మూడు సైట్లూ అడిగి ఉంటే తప్పు సైటుది కాదు, మన డ్రాయింగుది. ఆ ఒక్క డీటెయిల్‌ని 1:10 స్కేల్లో, మేస్త్రీకి అర్థమయ్యేలా తెలుగు నోట్సుతో మళ్ళీ గీయించి, ఆఫీసు స్టాండర్డ్ షీటులో చేర్చు. మొదటి షీటు అయ్యాక నాకు పంపు. ఎర్ర పెన్నుతో చూసి ఆదివారానికల్లా తిప్పి పంపుతాను.

పెదనాన్న