నాలుగో స్థానం గురించి రాసేటప్పుడు

విశాఖపట్నం

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

అంతర్జాతీయ అథ్లెటిక్స్‌లో మన దేశం సాధించినదాని గురించి నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. భాష బాగుంది. అయితే మొదటి పేజీలోనే మూడుచోట్ల ‘నూట నలభై కోట్ల జనాభా’ అని నిట్టూర్చావు. ఆ నిట్టూర్పు ప్రతి పాఠకుడి దగ్గరా ముందే ఉంటుందమ్మా. అతడి దగ్గర లేనివి అంకెలు, ఆ అంకెలు ఏ పరిస్థితుల్లో పుట్టాయన్న వివరాలు. వాటిని నువ్వు ఇవ్వాలి.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మిల్ఖాసింగ్ వెనక్కి తిరిగి చూసి పతకం పోగొట్టుకున్నాడని ఒక్క వాక్యంలో ముగించావు. ఆ 400 మీటర్ల పరుగులో మొదటి ఇద్దరూ 44.9 సెకన్లలో గీత దాటారనీ, మిల్ఖా వేగం కూడా ఆ క్రీడలకు ముందున్న ఒలింపిక్ రికార్డయిన 45.9 కన్నా మెరుగేననీ రాసి ఉంటే, నాలుగో స్థానం ఎంత గొప్ప పరుగులో వచ్చిందో తెలిసేది. ఆనాడు ప్రకటించిన చేతి గడియారపు లెక్కలో అతడిది 45.6, కాంస్యం గెలిచిన స్పెన్స్‌ది 45.5, విద్యుత్ గడియారం ప్రకారం అవే 45.73, 45.60. ఏ గడియారం లెక్కో చెప్పకుండా అంకె వేస్తే, తేడా ఎంతన్నది పాఠకుడికి తప్పుగానే చేరుతుంది.

1984 లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉష 55.42 సెకన్లతో కాంస్యానికి సెకనులో వందో వంతు దూరాన ఆగిపోయిందన్నది అందరికీ తెలిసిన సంగతే. మహిళల 400 మీటర్ల హర్డిల్స్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది ఆ ఏడాదేననీ, సోవియట్ కూటమి దేశాలు ఆ క్రీడలను బహిష్కరించగా రుమేనియా మాత్రం వచ్చిందనీ, ఆ వందో వంతుతో కాంస్యం పట్టుకుపోయిన కొజొకారు రుమేనియా అమ్మాయేననీ నువ్వు రాయలేదు. నన్నడిగితే కథంతా అక్కడే ఉంది.

నీరజ్ చోప్రా గురించి రాసిన భాగంలో పతకాల రంగులు తప్ప దూరాలు లేవు. టోక్యోలో బంగారం తెచ్చిన విసురు 87.58 మీటర్లు, 2024 పారిస్‌లో వెండితో సరిపెట్టుకున్న విసురు 89.45, అంటే దాదాపు రెండు మీటర్లు ఎక్కువ విసిరి ఒక మెట్టు దిగాడు, ఎందుకంటే ఆ రోజు పాకిస్థాన్‌కు చెందిన అర్షద్ నదీమ్ బల్లెం 92.97 దాకా వెళ్లింది. దీన్ని వెనుకబాటు అని ఎలా రాశావో నాకు అర్థం కాలేదు.

మన ఊరి అమ్మాయి జ్యోతి యర్రాజీకి నువ్వు రెండు వాక్యాలే కేటాయించావు. 2022లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో పూర్తిచేస్తే, వెనుకగాలి సెకనుకు 2.1 మీటర్లుందని, అనుమతించిన హద్దు 2.0 మాత్రమేనని దానిని రికార్డుగా లెక్కించలేదు. మరుసటి నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరుగెత్తి, అంతకన్నా నెమ్మదిగానే అయినా, 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరనున్న జాతీయ రికార్డు 13.38ని చెరిపింది. ఆ అక్టోబరులో జాతీయ క్రీడల్లో సాధించిన 12.79 కూడా గాలి పాలే అయింది; కొద్దిరోజులకే బెంగళూరులో పరుగెత్తిన 12.82 నిలిచింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారం తెచ్చిన కాలం ఎంతో తెలుసా? కోజికోడ్‌లో లెక్కకు రాని ఆ 13.09.

గాలి సంగతి నాకూ ఆలస్యంగానే తెలిసింది. కుర్రతనంలో ఒక పోటీ వార్తలో ‘రికార్డు’ అని పెద్ద అక్షరాలతో రాసి, గాలి కొలత అడగనందుకు మరునాడు సవరణ వేయించుకున్నాను. సాయంత్రం సముద్రపు గాలి వీపు మీద తోసే ఈ ఊళ్లో పుట్టినవాణ్ణి, నాకు ముందే తట్టవలసింది. వంద, రెండు వందల మీటర్ల పరుగులకూ, లాంగ్‌జంప్, ట్రిపుల్‌జంప్‌లకూ గాలి కొలత చూస్తారు. వలయం మొత్తం తిరిగే 400కు చూడరు.

నిట్టూర్పులు తీసేసి, జ్యోతి భాగాన్ని రెండు పేజీలకు పెంచి మళ్లీ రాయి. ప్రతి అంకె పక్కన ఊరు, సంవత్సరం, ముందు నిలిచినవారి కొలత ఉండాలి. వచ్చే ఆదివారం ఉదయం బీచ్ రోడ్డులో నడకకు వస్తాను. కాగితాలు తెచ్చి ఇవ్వు.

ఇట్లు,
మీ మాస్టారు