సకినాల్లో ప్రోటీన్ కలపొచ్చా?

ప్రశ్న: మేడం, నమస్తే. మాది హుజూరాబాద్. మా మహిళా సంఘంల పదిమందిమి కలిసి సకినాలు, గారెలు, మురుకులు చేసి అమ్ముతున్నం. హైదరాబాద్‌ల మా సరుకు తీసుకునే షాపాయన "జనం ఇప్పుడు ప్రోటీన్ అంటేనే కొంటున్నరు, ప్రోటీన్ సకినాలు చెయ్యండి, కవర్ మీద హై ప్రోటీన్ అని వేయిస్త" అంటున్నడు. పాల ప్రోటీన్ పొడి కలపమని ఒకరు, సోయా పిండి కలపమని ఇంకొకరు చెప్తున్నరు. ఏది కలపాలె? ఎంత కలపాలె?
– ఒక సోదరి, హుజూరాబాద్

జవాబు: మీ షాపాయన చెప్పిన దాంట్లో అబద్ధం లేదమ్మా. హన్మకొండలో ఏ సూపర్ మార్కెట్‌కు పోయినా బిస్కెట్ నుంచి పనీర్ దాకా అన్నిటి మీదా అదే మాట. గిరాకీ ఉంది. కానీ దానికి సకినం సరైన వస్తువు కాదు.

ముందు లెక్క చూడండి. ఆహార పదార్థాల మీద కేంద్రం తరఫున అజమాయిషీ చేసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం గట్టి పదార్థం మీద హై ప్రోటీన్ అని రాయాలంటే, రోజుకు కావలసిన ప్రోటీన్‌లో 20 శాతం అందులో వంద గ్రాములకు ఉండాలి. మగవాళ్ల లెక్కన రోజుకు 54 గ్రాములు అనుకుంటే దాదాపు 11 గ్రాములు. బియ్యప్పిండిలో ఉండేది 7. నూనె తీసిన సోయా పిండిలో 50 దాకా ఉంటుంది. 70 పాళ్లు బియ్యప్పిండి, 15 పాళ్లు సోయా, 10 పాళ్లు నువ్వులు, మిగతాది ఉప్పు, వాము అనుకుంటే కలిపిన పిండిలో 14 గ్రాములు వస్తుంది. బాగానే ఉందనిపిస్తుంది. కానీ కాల్చాక పిండిలో తేమ పోయి నూనె చేరుతుంది. వంద గ్రాముల పిండి నూట పాతిక గ్రాముల సకినాలవుతుంది. ప్రోటీన్ మాత్రం పెరగదు. అంటే వందకు 11, గీత దాటీ దాటనట్టు. ఒక వాయి నూనె ఎక్కువ పీల్చిందంటే మీ కవర్ మీద మాట అబద్ధమైపోతుంది. పైగా నాలుగు సకినాలు తినేవాళ్లకు దక్కేది ఆ ప్రోటీన్ కంటే నూనే ఎక్కువ.

చేతిపని సంగతి సరేసరి. సోయా కలిపిన తడిపిండితో సకినాలు చుట్టించి చూశాను. వేళ్ల మధ్య తీగ సాగదు, రెండో చుట్టుకే తెగుతుంది. పాల ప్రోటీన్ పొడి కలిపితే లోపల పచ్చిగా ఉండగానే పైన ఎర్రబడుతుంది. పాలలోని చక్కెర, ప్రోటీన్ వేడికి కలిసి చేసే పని అది. మంచి సకినం తెల్లగా ఉండాలని మీకు నేను చెప్పాలా!

మరి ఏం చెయ్యాలి? బతుకమ్మకు మనం చేసే సత్తులు చెయ్యండి. పల్లి సత్తు, నువ్వుల సత్తు, పెసర సత్తు... ఇవి ప్రోటీన్ పొడులు కాక మరేమిటి? వాటిని ఏడాదికోసారి చేసి మరిచిపోతున్నాం, అంతే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు బక్కచిక్కిన పిల్లల కోసం తయారుచేసిన హైదరాబాద్ మిక్స్ కూడా ఈ దారిలోదే: వేయించిన గోధుమలు, శనగపప్పు, పల్లీలు, బెల్లం.

నా కొలత ఇది. పుట్నాలు 35 పాళ్లు, వేయించిన పెసరపప్పు 20, పల్లీలు 20, బెల్లం పొడి 25. వందకు దాదాపు 17 గ్రాముల ప్రోటీన్. 30 గ్రాములు ఒక గ్లాసు పాలలో కలుపుకుంటే పాలతో కలిపి 12 గ్రాముల దాకా అందుతుంది. 55 కిలోల ఆడమనిషికి రోజుకు కావలసిన 46లో నాలుగో వంతు. పప్పు తినని హాస్టల్ పిల్లలు, పళ్లు లేని పెద్దవాళ్లు మీ అసలు గిరాకీ. జిమ్ కుర్రాళ్ల కోసం పెద్ద కంపెనీలు ఉండనే ఉన్నాయి, వాళ్ల జోలికి మీరు పోకండి. కాసిన్ని పల్లీలు తగ్గించి నువ్వులు వేస్తే ఇంకా మంచిది. పప్పుల్లో తక్కువగా ఉండే మెథియొనిన్, అంటే ప్రోటీన్‌లోని ఒక ముఖ్యమైన భాగం, నువ్వుల్లో బాగా ఉంటుంది.

పల్లీలు ఒక్కటే మిక్సీలో వేస్తే నూనె వదిలి ముద్ద అవుతాయి. పుట్నాలతో కలిపి, ఆపి ఆపి తిప్పండి. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, బూజు పట్టినవి చేత్తో ఏరి పారేయాల్సిందే. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు. గిర్నీలో పట్టించేటట్టయితే మీకంటే ముందు ఎవరేం పట్టించారో అడగండి. మన వైపు మిర్చి సంగతి తెలుసు కదా, ఒక్క పిడికెడు కారం చాలు మొత్తం సత్తు పాడవడానికి. పిండి పూర్తిగా చల్లారాకే ప్యాక్ చెయ్యాలి. వెచ్చగా కడితే కవర్ లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది. ఎండాకాలం పల్లి పొడి తొందరగా పాత నూనె వాసన కొడుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కొద్దికొద్దిగానే చెయ్యండి.

సోయా కూడా వేద్దామనుకుంటే నూనె తీసి వేడి చేసిన పిండే కొనండి. ఆదిలాబాద్ వైపు నుంచి గింజలు చవగ్గా వస్తాయని పచ్చివి పట్టించకండి. అందులో ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థం ఉంటుంది, బాగా వేడి తగిలితేనే పోతుంది.

కవర్ అచ్చు వేయించే ముందు తయారైన సత్తును ఎన్‌ఏబీఎల్ (పరీక్షా కేంద్రాల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి. నా లెక్కను నమ్మి అచ్చు వేయించొద్దు. విడిగా అమ్మే పేరులేని ప్రోటీన్ పొడుల జోలికి అసలే పోవద్దు. మామూలు పరీక్షలో కొలిచేది నత్రజని, దాన్ని 6.25తో గుణించి ప్రోటీన్ అంటారు. ఈ సందులోంచే 2008లో చైనాలో నత్రజని ఎక్కువగా ఉండే మెలమిన్ అనే రసాయనాన్ని పాలలో కలిపారు, ఆ పాలతో చేసిన పొడి పసిపిల్లల ప్రాణాలు తీసింది. పల్లీలున్నాయన్న మాట కవర్ మీద స్పష్టంగా కనపడాలి, కొందరికి అవి పడవు.

ప్రశ్న: మా నాన్నకు కిడ్నీ సమస్య ఉంది. నీరసంగా ఉంటున్నారు. పుట్నాల పొడి ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, నిర్మల్

జవాబు: డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు బాబూ. డయాలసిస్ లేనివాళ్లకు మామూలుగా ప్రోటీన్ తగ్గించమంటారు, డయాలసిస్ మొదలయ్యాక పెంచమంటారు. మీ నాన్నగారు ఏ దశలో ఉన్నారో మీ ఉత్తరంలో లేదు. పప్పుల్లో పొటాషియం, ఫాస్ఫరస్ కూడా ఉంటాయి, ఆయన రక్తపరీక్ష చూడకుండా ఎవరూ సరే అనలేరు. ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు రోజూ ఏమేం తింటున్నారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.