ఆయాసపడే పిల్లాడిని ముట్టుకునే ముందు

తమ్ముడూ,

అంబులెన్స్‌లో పెద్దవాళ్ల కేసులకు అలవాటుపడ్డావు గానీ, "చిన్నపిల్లాడు, ఊపిరి ఆడట్లేదు" అని కాల్ వస్తే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయని రాశావు. చల్లబడితే చల్లబడనీ, అది తప్పేం కాదు. ఆ టెన్షన్‌లో వెళ్లీ వెళ్లగానే స్టెతస్కోప్ తీసి పిల్లాడి మీద పడిపోవడం మాత్రం మానెయ్. గుమ్మంలోనే ఆగి, అరనిమిషం ఊరికే చూడు.

నిన్ను చూసి మొహం తిప్పుకుని తల్లిని కరుచుకున్నాడంటే కాస్త టైమ్ ఉన్నట్టే. నువ్వొచ్చినా పట్టించుకోకుండా మెడ వాల్చేసి ఉంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే బ్యాగ్, దాని మాస్క్ అప్పుడే చేతిలోకి తీసుకో. చొక్కా పైకెత్తమని తల్లికే చెప్పు. డొక్కలు ఎగరేస్తున్నాడా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, ఊపిరికీ ఊపిరికీ తల ఊగుతోందా చూడు. వదిలే ఊపిరితో పాటు చిన్న మూలుగు వస్తుంటే అది గారం కాదు. లోపలి గాలిగదులు మూసుకుపోకుండా ఒళ్లు తనంతట తాను తంటాలు పడుతోందన్నమాట. పెదాల రంగు, చర్మం రంగు కూడా ఆ దూరం నుంచే తెలిసిపోతాయి.

ఊపిరి లెక్క నిమిషం పూర్తిగా పెట్టు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించే అలవాటు పసివాళ్ల దగ్గర పనికిరాదు, వాళ్లు ఒకే తీరుగా ఊపిరి తీయరు. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, అంతకు చేరినా దాటినా వేగం ఎక్కువన్నట్టే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఏడుస్తున్నప్పుడు లెక్కపెడితే మాత్రం ఆ అంకెకు అర్థం లేదు.

అన్నిటికన్నా నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. ఇందాక 64 ఉన్న ఊపిరి ఇప్పుడు 28కి దిగింది, ఏడుపు ఆగింది, పిల్లాడు కళ్లు మూస్తున్నాడు. తల్లి "హమ్మయ్య, నిద్రపట్టింది" అంటుంది. నువ్వు అనకు. తేరుకున్న పిల్లాడైతే డొక్కలు ఎగరడం తగ్గి, రంగు తేలి, చుట్టూ చూస్తాడు. ఇవేవీ లేకుండా లెక్క ఒక్కటే తగ్గిందంటే అలసిపోయాడని అర్థం. అప్పటిదాకా వినిపించిన పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయినా అంతే, గాలే కదలనప్పుడు కూత ఎక్కడిది? ఇక ఆలోచించకుండా బ్యాగ్‌తో ఊపిరి ఇవ్వు. రెండు మూడు సెకన్లకు ఒకటి, ఛాతీ లేచేంత వరకే. కంగారులో అందరూ గబగబా నొక్కేస్తారు, గాలంతా కడుపులోకి పోతుంది. పసిపాపలకు తల వెనక భాగం పెద్దది కాబట్టి భుజాల కింద మడిచిన టవల్ పెడితే ఊపిరి దారి తెరుచుకుంటుంది.

శబ్దం సగం కథ చెప్పేస్తుంది. వదిలేటప్పుడు పిల్లికూతలు, ముందు నుంచీ ఆస్తమా ఉంటే సాల్బుటమాల్ (ఊపిరి గొట్టాలను వదులు చేసే మందు) నెబ్యులైజేషన్, అంటే మందును ఆవిరిలా చేసి పీల్పించడం, ఐదేళ్ల లోపు 2.5 మిల్లీగ్రాములు, పైన 5. ఏడాది నిండని పాప జలుబుతో మొదలై ఆయాసపడుతుంటే మందుకన్నా ముందు ముక్కు శుభ్రం చెయ్యి. ఆ వయసులో ఊపిరంతా దాదాపు ముక్కుతోనే, సక్షన్‌తో చీమిడి తీశాక తేడా నీకే కనిపిస్తుంది.

ఊపిరి తీసేటప్పుడు గరగరమంటే గొంతు దగ్గర ఇరుకు. వీళ్లను ఏడిపించకు, ఏడిస్తే ఆ ఇరుకు ఇంకా బిగుస్తుంది. ఆక్సిజన్ మాస్క్ పెట్టనివ్వకపోతే తల్లి చేతికిచ్చి మొహం దగ్గర పట్టుకోమను. జ్వరంతో, చొంగ మింగలేక, ముందుకు వంగి కూర్చున్న పిల్లాడైతే నోట్లోకి తొంగిచూడనే చూడకు, పడుకోబెట్టకు. ఆడుకుంటూ ఉన్నట్టుండి దగ్గు మొదలైతే ఏదో అడ్డుపడిందనే అనుకో. గట్టిగా దగ్గుతున్నంతసేపూ దగ్గనివ్వు. దగ్గు పెగలకపోతే వీపు మీద ఐదు దెబ్బలు, ఏడాది లోపు వాళ్లకైతే ఆ వెంటనే ఛాతీ మీద ఐదు నొక్కులు. పెద్ద పిల్లలకు ఛాతీ బదులు పొట్ట. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకకు.

వేలికి తగిలించే మెషీన్‌లో సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 94 కన్నా తగ్గితే ఆక్సిజన్ పెట్టు. 97 చూపించినా డొక్కలు ఎగురుతుంటే నేను డొక్కలనే నమ్ముతాను. చల్లటి వేళ్ల మీద, కదిలే కాళ్ల మీద ఆ మెషీన్ ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది.

బండి కదిలాక ఒడి పనికిరాదు. స్ట్రెచర్ తలవైపు ఎత్తి, బెల్టులు కట్టి, తల్లిని వాడి కంటి ముందు కూర్చోబెట్టు. దారిలోంచే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. "పిల్లాడికి ఆయాసం" అంటే సరిపోదు. రెండేళ్లు, సుమారు 12 కిలోలు, ఊపిరి ఎంత ఉండేది, ఇప్పుడెంత, ఏ మందు ఎన్నింటికి ఇచ్చావు, దానికి తేడా వచ్చిందా, ఇవన్నీ చెప్పు. బరువు తెలియకపోతే ఏళ్లలో వయసుకు 4 కలిపి రెండింతలు చెయ్యి, ఏడాది దాటిన పిల్లలకు ఆ అంచనా చాలు.

— అన్నయ్య