సీసా మీద ‘ఆర్గానిక్’ అని ఉంది, మిర్చిలో పురుగుమందు తేలింది: సర్టిఫికెట్ నిలుస్తుందా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మూడెకరాల్లో మిరప వేస్తాను. మా రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) గ్రూపు సర్టిఫికేషన్‌లో ఉన్నాను. ఇది మూడో ఏడు. తామర పురుగు ఉధృతంగా ఉందంటే దుకాణంలో ‘ఆర్గానిక్, అవశేషాలు ఉండవు’ అని రాసి ఉన్న మందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టాను. ఇప్పుడు కాయలో ఎమామెక్టిన్ బెంజోయేట్ అనే రసాయన పురుగుమందు ఉందని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. సర్టిఫికేషన్ సంస్థ నోటీసు ఇచ్చింది. మళ్లీ మొదటి ఏడాది నుంచి లెక్క వేస్తారని సంఘం వాళ్లు అంటున్నారు. నేను తెలిసి చేసింది కాదు. నాకు దారేమిటి? దుకాణదారు మీద కేసు వేయొచ్చా? అసలు ఏవి వాడొచ్చో, ఏవి వాడకూడదో కూడా చెప్పండి.

జవాబు: ముందు నోటీసు సంగతి చూడండి. అందులో జవాబివ్వాల్సిన తేదీ ఉంటుంది. దుకాణదారు మీద కేసుకు రెండేళ్ల గడువుంది కాబట్టి అది తర్వాతైనా వేసుకోవచ్చు. నోటీసు గడువు దాటితే మాత్రం మీ మాట వినకుండానే నిర్ణయం అయిపోతుంది.

‘తెలిసి చేసింది కాదు’ అన్న మాట ఈ ఏటి సరుకును కాపాడదు. ఎన్‌పీఓపీ 2001 నుంచి అమల్లో ఉన్న జాతీయ ప్రమాణాల వ్యవస్థ. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం కింద నోటిఫై చేశారు, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా దాన్ని నడిపిస్తోంది. ఇది నేరాల చట్టం కాదు. మీ ఉద్దేశం ఏమిటని కాకుండా నిషేధిత పదార్థం పంటలోకి వచ్చిందా లేదా అని చూస్తుంది. అవశేషం తేలిన సరుకు సేంద్రియం పేరుతో అమ్మడానికి వీల్లేదు. పొలం సంగతి వేరు. అవశేషం కనబడగానే సర్టిఫికెట్ దానంతటదే పోదు. అది ఎలా వచ్చిందో సంస్థ విచారించాలి. పక్క పొలం నుంచి గాలికి వచ్చిందా, అద్దెకు తెచ్చిన స్ప్రేయర్ ట్యాంకులో మిగిలి ఉందా, గోతాల నుంచి అంటిందా, మీరే కొట్టారా అన్నదాన్ని బట్టి చర్య ఎంత తీవ్రంగా ఉండాలో తేలుతుంది.

మీ విషయంలో మీరే కొట్టారు. ఈ నిజాన్ని జవాబులో మీరే ముందుగా రాయండి. గ్రూపు సర్టిఫికేషన్‌లో ఒక రైతు దాచిన తప్పు తర్వాత బయటపడితే సంఘం అంతర్గత తనిఖీ వ్యవస్థ పనిచేయడం లేదన్న మాట వస్తుంది. అప్పుడు మిగతా రైతులందరి సర్టిఫికెట్టూ ప్రమాదంలో పడుతుంది. కొట్టిన తేదీలు, ఎన్ని ట్యాంకులు, ఏ సర్వే నంబరులో అన్నవి రాసి, సీసా లేబుల్ ఫొటో, బిల్లు జతచేయండి. కోసిన కాయను వేరే గోతాల్లో పోసి, గుర్తు కట్టి, సంఘం గోదాములోకి వెళ్లకుండా ఆపామని రాయండి. రాయడమే కాదు, నిజంగా ఆపండి. మూడెకరాల్లో కొంత భాగానికే కొట్టి ఉంటే ఆ మడిని వేరుగా చూడమని అడగండి. కొట్టిన మడికి మార్పిడి కాలం (రసాయనాలు మానేసి సేంద్రియానికి మారే గడువు) మళ్లీ మొదలవుతుందనే అనుకోండి. మిరప లాంటి ఏడాది పంటకు విత్తే ముందు రెండేళ్లు, మామిడి లాంటి బహువార్షిక పంటకు మొదటి కోతకు ముందు మూడేళ్లు మార్పిడి కాలం. కొట్టని మడిని కాపాడుకోవడానికి మాత్రం మీకు గట్టి వాదన ఉంది.

ల్యాబ్ రిపోర్టు పూర్తి ప్రతి తీసుకోండి. శాంపిల్ తీసినప్పుడు మీ సంతకం ఉందా, ఏ గట్టు నుంచి తీశారు, సీలు వేశారా, ఆ ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అన్నవి చూడండి. శాంపిల్ రెండో భాగం దాచి ఉంటే మళ్లీ పరీక్షించమని రాతపూర్వకంగా అడగొచ్చు. సంస్థ నిర్ణయం మీకు వ్యతిరేకంగా వస్తే మొదట దాని అప్పీలు కమిటీకి వెళ్లాలి. గడువు ఆ నిర్ణయ పత్రంలోనే ఉంటుంది.

దుకాణదారు మీకొక మాట చెప్పవచ్చు: ‘ఎమామెక్టిన్ బ్యాక్టీరియా నుంచి వచ్చేదే కదా, అది బయో మందే’ అని. సగం నిజం అది. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి నుంచి అవర్‌మెక్టిన్ తీస్తారు. దాన్ని ఫ్యాక్టరీలో రసాయనికంగా మార్చి ఎమామెక్టిన్ చేస్తారు. ఆ మార్పు జరిగాక సేంద్రియ సాగులో దానికి చోటు లేదు. మిరపలో తామర పురుగుకు, నల్లికి, కాయతొలుచు పురుగుకు వాడే మామూలు రసాయన మందే అది. దాన్నే బయో సీసాలో కలిపితే పురుగు రెండో రోజుకే రాలిపోతుంది, రైతు మెచ్చుకుంటాడు, దొంగ సరుకు అలాగే అమ్ముడుపోతుంది. వేప కషాయానికి పురుగు ఒక్క రాత్రిలో రాలదు. రాలితే అనుమానించాలి.

ఇక ఆ సీసా. అదే బ్యాచ్‌లో మూత తీయని సీసా మీ దగ్గరుంటే తెరవకండి. తెరిచిన సీసాను ప్రైవేటు ల్యాబుకు పంపితే ‘నువ్వే కలిపావు’ అంటారు. మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 1968 పురుగుమందుల చట్టం కింద ఆయనే ఇన్‌స్పెక్టరు. సెక్షన్ 22 ప్రకారం దుకాణంలో అదే బ్యాచ్ సరుకు నుంచి నమూనా తీసి మూడు భాగాలుగా సీలు వేయాలి. అందుకే ఫిర్యాదులో బ్యాచ్ నంబరు, తయారీ తేదీ తప్పకుండా రాయండి. ఆలస్యమైతే ఆ బ్యాచ్ అల్మారాలో ఉండదు. లేబుల్ మీద కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా ‘పురుగును చంపుతుంది’ అని రాసి ఉంటే, రిజిస్ట్రేషన్ లేని మందు అమ్మినట్టే, అది సెక్షన్ 18కు విరుద్ధం. ఈ కేసు నడపడం ప్రభుత్వం పని. దాని వల్ల మీకు పరిహారం రాదు.

పరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. వ్యవసాయం వ్యాపారం కాబట్టి రైతు వినియోగదారు కాడన్న వాదన తెస్తారు. స్వయం ఉపాధితో బతికే మనిషి కొన్న సరుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వాణిజ్య కొనుగోలు కాదు. పైగా ఆంధ్రప్రదేశ్ రైతుల విత్తనాల కేసులోనే, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ మధుసూదన్ రెడ్డి తీర్పులో, సుప్రీంకోర్టు 2012లో రైతు వినియోగదారేనని తేల్చింది. పరీక్ష కోసం విత్తనంలో కొంత దాచి ఉంచాలని రైతు నుంచి ఆశించలేమని కూడా చెప్పింది. మీరు సీసాలన్నీ వాడేసి ఉంటే ఆ తీర్పు మీకు ఆసరా. సీసా మిగిలి ఉంటే కమిషనే సెక్షన్ 38 కింద సీలు వేసి ల్యాబుకు పంపుతుంది.

సరుకుకు మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీ ఊరు ఏ జిల్లాలో ఉంటే అక్కడే వేయొచ్చు. కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా అక్కడికి పోనక్కర్లేదు. దుకాణదారు, తయారీదారు ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. లైసెన్సు ఉన్న దుకాణం బిల్లు ఇవ్వాల్సిందే. చీటీ మీద రాసిచ్చి ఉంటే ఆ చీటీ, ఫోన్ ద్వారా డబ్బు పంపిన రికార్డు, అక్కడ ఉన్న ఇంకో రైతు అఫిడవిట్ కలిపి పెట్టండి.

నష్టాన్ని గాలిలో లెక్క వేయకండి. సేంద్రియ ధరకు, మామూలు మార్కెట్ ధరకు క్వింటాలుకు 3,000 తేడా ఉండి 18 క్వింటాళ్లు ఆగిపోతే 54,000. దీనికి కొనుగోలుదారు ఒప్పందం, మార్కెట్ యార్డు తక్‌పట్టీ (అమ్మకం చీటీ) సాక్ష్యం. మందు ధర, పరీక్షల ఖర్చు చేర్చండి. రాబోయే రెండేళ్ల మార్పిడి కాలంలో పోయే ధర కూడా అడగండి. అది పూర్తిగా వస్తుందని చెప్పలేను. వరుసగా కొంటామన్న రాత ఉంటేనే దానికి బలం.

ఇక ఏవి వాడొచ్చన్నది. మూడు తరగతులు గుర్తుపెట్టుకోండి: అనుమతించినవి, పరిమితంగా అనుమతించినవి, నిషేధించినవి. గొడవలన్నీ మధ్య తరగతిలోనే వస్తాయి. మీ కొట్టంలోని పశువుల ఎరువు, మీ ఆవు మూత్రం, మీరు కలిపిన జీవామృతం, పచ్చిరొట్టగా వేసిన జీలుగ, జనుము, జీవన ఎరువులు, ఇవి మొదటి తరగతి. అదే పశువుల ఎరువు బయట నుంచి కొంటే రెండో తరగతిలోకి పోతుంది: వాడకముందే సర్టిఫికేషన్ సంస్థ అనుమతి కావాలి, ఎవరి దగ్గర కొన్నారో రికార్డు ఉండాలి. బోనుల్లో వేలకొద్దీ కోళ్లను పెంచే ఫారం ఎరువు వద్దు. యూరియా, డీఏపీ, కలుపుమందులు ఏ రూపంలోనూ కుదరవు.

యూరియా దొంగదారిన వచ్చే చోటు ఒకటి ఉంది. కొబ్బరి పొట్టు కంపోస్టును టన్నుకు 5 కిలోల యూరియా కలిపి తయారు చేసే పద్ధతి బాగా వాడుకలో ఉంది. బస్తా మీద ‘సేంద్రియ ఎరువు’ అనే ఉంటుంది. తయారీదారు నుంచి ఏమేం కలిపారో రాయించుకోకుండా కొనకండి. వేప పిండికీ ఇదే మాట.

తెగుళ్ల దగ్గర రాగి. మిరపలో ఆకుమచ్చకు కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో పాటు స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొట్టమంటారు. రెండోది యాంటీబయాటిక్, నిషేధం. మొదటిది పరిమితం. లీటరుకు 3 గ్రాముల చొప్పున ఎకరాకు 200 లీటర్లు కొడితే 600 గ్రాముల పొడి పడుతుంది, అందులో సగం, 300 గ్రాములు, రాగి. హెక్టారుకు సుమారు 740 గ్రాములు. ఐదుసార్లు కొడితే 3.7 కిలోలు. ఐరోపా నిబంధన ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోలు, అంటే ఏడాదికి సగటున 4. మీ మిర్చి అటు పోయేదైతే ఐదో పిచికారీ ముందు ఈ లెక్క వేసుకోండి.

వేపనూనె కలవడానికి చాలామంది సర్ఫ్ పొడి వేస్తారు. అది డిటర్జెంట్, దాని బదులు కుంకుడు రసం వాడండి. పొగాకు కాడలతో చేసే అగ్నిఅస్త్రం విషయంలో సంస్థను, కొనుగోలుదారును ముందే రాతపూర్వకంగా అడగండి. నికోటిన్ పరీక్షలో కనబడుతుంది, అప్పుడు ‘ఇంట్లో చేసిందే’ అంటే ఎవరూ వినరు.

విత్తనం దగ్గర కూడా జాగ్రత్త. మిరప ప్యాకెట్ విప్పగానే గింజకు గులాబీ రంగు పొడి అంటి ఉంటే అది విత్తనశుద్ధికి పూసిన శిలీంద్రనాశిని. సేంద్రియ విత్తనం దొరకకపోతే శుద్ధి చేయని మామూలు విత్తనానికి అనుమతి ఉంటుంది గానీ ఈ గులాబీ గింజకు ఉండదు. షేడ్‌నెట్ నర్సరీ నారుకు ఇమిడాక్లోప్రిడ్ అనే రసాయన పురుగుమందు పోసి ఇస్తారు కాబట్టి నారు మీరే పోసుకోండి. వచ్చే ఏడు పత్తికి మారదామనుకుంటే బీటీ విత్తనం ఎన్‌పీఓపీలో పూర్తిగా నిషేధమని గుర్తుంచుకోండి.

ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న ప్రతి బయో మందూ సేంద్రియ సాగుకు అనుమతి ఉన్నట్టు కాదు, ఇవి రెండు వేర్వేరు అనుమతులు. ఏ సీసా అయినా కొనే ముందు లేబుల్ ఫొటో సంఘం తనిఖీ బాధ్యుడికి పంపి, ఆయన సర్టిఫికేషన్ సంస్థ నుంచి తెచ్చిన రాతను మీ పొలం డైరీలో అంటించాకే ట్యాంకులో పోయండి. ఈ ఒక్క కాగితం మీ దగ్గర ఉండి ఉంటే ఈ రోజు నోటీసుకు మీరిచ్చే జవాబు వేరుగా ఉండేది.